దూరం సున్నా పడిన తొమ్మిది పేర్లు

ఒకే పనిని పదిచోట్ల రాయకూడదు, ఒక్కచోట రాసి అందరూ దాన్నే వాడుకోవాలి. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మీకు ఈ మాట చదువుకునే రోజుల్లోనే చెప్పి ఉంటారు. మాకు చెప్పేవాళ్ళు లేరు. నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక అదే మాటతో తొమ్మిది మంది ఆడపిల్లలను దెబ్బ కొట్టాను. ఇందులో ఎవరి పేరూ రాయను. నా పేరు రాస్తే మా ఇంటి పేరూ రాయాలి, ఆ పేరు ఇప్పటికే చాలా చూసింది.

నాందేడ్‌లో ఒక విద్యాసంస్థలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. మొదట పరీక్షల గుమాస్తాను, తర్వాత ఫాక్స్‌ప్రోలో మార్కుల పట్టికలు తయారుచేసేవాణ్ణి, ఆ తర్వాత కంప్యూటర్ విభాగానికి పెద్దను. మా ముత్తాత కాలంలో మంజీర ఒడ్డున, బిలోలి తాలూకాలో ఇరవై రెండు ఊళ్ళ లెక్కల దఫ్తరం మా ఇంట్లో ఉండేది. నా కాలానికి మిగిలింది దఫ్తరం పెట్టుకునే చెక్కపెట్టె ఒకటి, నిటారుగా కూర్చునే అలవాటు ఒకటి. అద్దె ఇంట్లో ఉంటూ, సిటీ బస్సులో ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. అయినా సంస్థ కార్యదర్శి మొదలు గేటు దగ్గర ప్యూను దాకా అందరూ నన్ను రావుసాహెబ్ అనే పిలిచేవారు. ఆ పిలుపు నాకు అవసరమైంది. అంతకంటే దాచేదేమీ లేదు.

రెండు వేల తర్వాత నాలుగైదేళ్ళకు సంస్థ పనులన్నీ బ్రౌజర్‌లో నడిచేటట్టు ఒక అప్లికేషన్ తయారుచేయమన్నారు. మేం ముగ్గురం. నేను పరీక్షల భాగం చూసేవాణ్ణి. ప్రవేశాల భాగం ఒకతను చూసేవాడు. స్టేషన్ దగ్గర నేతపనివాళ్ళ గల్లీలో పుట్టి పెరిగినవాడు, నోరు ఊరుకోదు. మూడోది ఆడపిల్లల వసతిగృహం భాగం. అది చూసే అమ్మాయి కుండల్‌వాడి దాటాక ఉండే ఒక చిన్న గూడెం నుంచి వచ్చింది. తల్లి కూలికి వెళ్ళి చదివించింది. మా ముగ్గురిలో పని బాగా తెలిసింది ఆమెకే. అప్పట్లో ఈ మాట నేను నోటితో అనలేదు.

మొదటి ఏడాది ఎవరి భాగంలో వాళ్ళం కావలసినవన్నీ వేరువేరుగా రాసుకున్నాం. సంస్థ పేరు ఉండే పైపట్టీ, తేదీ రాసే పద్ధతి, ఊళ్ళ జాబితా, అన్నీ మూడేసి ప్రతులు. ఒకసారి సంస్థ పేరులో చిన్న మార్పు జరిగింది. అన్నిచోట్లా మార్చాను, ఒక్కచోట మరిచిపోయాను. ఆ ఏడాది మార్కుల పత్రాలు పాత పేరుతో అచ్చయ్యాయి. కార్యదర్శి అందరి ముందు, ప్యూను టీ కప్పులు పెడుతుండగా, "రావుసాహెబ్, మీ ఇంట్లో ఇట్లాగే రాసేవారా?" అన్నారు. నేను కూర్చున్నచోటనే కూర్చున్నాను. వీపు వంచలేదు. ఆ మాట మాత్రం లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది.

ఆ వారంలోనే 'కామన్' అని ఒక ఫోల్డర్ పెట్టాను. అందరికీ కావలసినవి అందులో ఒక్కటే ప్రతి. మూడు భాగాలూ అక్కడి నుంచే తెచ్చుకోవాలి. నాకు చెప్పకుండా అందులో అక్షరం మార్చకూడదు. పద్ధతి మంచిదే. ఇప్పుడు మీరు పాటించేదీ అదే.

ప్రవేశాల అతను మొదటిరోజే మొదలుపెట్టాడు. "గిది ఫోల్డర్ గాదు సార్, దేవుడర్ర. తానం జేసి మడి కట్టుకోని ముట్టాలె."

"ముట్టకుంటనే మంచిది," అన్నాను.

ఆ ఫోల్డర్‌లో నాకు గర్వంగా ఉన్నది ఊళ్ళ జాబితా. జిల్లా రెవెన్యూ ఆఫీసు నుంచి తెచ్చి, తాలూకాల వారీగా, నాందేడ్ నుంచి ఎన్ని కిలోమీటర్లో వేసి, నా చేత్తో టైపు చేశాను. ప్రతి ఊరికీ ఒక నెంబరు. ఒక్క తప్పు లేదు. మా ఇంట్లో ఊళ్ళ పేర్లు స్తోత్రాల్లా వల్లెవేయించేవారు. ఆ చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చిందని సంబరపడ్డాను.

వసతిగృహం అమ్మాయి ఆ జాబితాను తెర మీద పైనుంచి కిందిదాకా చూసింది.

"సార్, ఈ జాబితల గూడేలు లేవు."

"గూడేలు ఊళ్ళు గావమ్మా. వాటికి రెవెన్యూ నెంబరు లేదు. పక్క ఊరి కిందికొస్తయి."

"పక్క ఊరికి బస్సు అస్తది సార్, గూడేనికి రాదు. నడుమ వాగుంటది. వానకాలం నాలుగు నెల్లు గా ఊరు మాకు పక్కది గాదు. హాస్టల్ల సీటు దూరం చూసి ఇస్తరు గద, గూడెం పోరీలకే ముందుగాల రావాలె."

"ఇయ్యాల నువ్వు గూడేలు పెడ్తవు. రేపు ఇంకొకలు మా గల్లీ పెట్టుమంటరు. అప్పుడది జాబితా అనిపించుకుంటదా?"

"గల్లీ గాదు సార్, మా ఇల్లే పెట్టుండ్రి," అన్నాడు అతను. "స్టేషన్ కాడ దిగి ఎవ్వలనడిగినా చెప్తరు."

ముగ్గురం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. నేను ఆ నవ్వుతో సంగతి అయిపోయిందనుకున్నాను. ఊరంటే చావడి ఉండాలి, పేరు కాగితం మీద ఉండాలి. గూడేనికి ఒక పేరుంటుందని నాకు తెలుసు. అది రాయవలసిన పేరని ఎప్పుడూ అనిపించలేదు. మా ఇంటి దఫ్తరంలో కూడా అవి లేవు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాతిది మీకు అర్థం కాదు. ఊరి నెంబరు ఇస్తే దూరం ఎంతో చెప్పే చిన్న ఫంక్షన్ కూడా ఆ ఫోల్డర్‌లో నేనే రాశాను. మొదట్లో జాబితాలో లేని నెంబరు వస్తే అది తెరంతా ఎర్రక్షరాలు పరిచి ఆగిపోయేది. ఒకరోజు తనిఖీకి వచ్చిన కమిటీ ముందు అట్లా ఆగిపోయింది. నాకు తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రమే మార్చాను. ఊరు దొరక్కపోతే సున్నా ఇచ్చి ముందుకు సాగిపోవాలి. అర్థం కానప్పుడు కేక వేసి ఆగిపోయే యంత్రమే నయం. నేను దానికి మర్యాద నేర్పాను.

ఆషాఢం వచ్చింది. వసతిగృహం దరఖాస్తులు పల్లెల్లోని బడుల నుంచి కట్టలు కట్టలుగా వచ్చాయి. ఆ అమ్మాయి అన్నీ ఎక్కించి, పోచమ్మ పండుగకు నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్ళింది. ఆమె లేనప్పుడు కొత్త రోడ్డు పడిందని నేను కామన్ జాబితాలో ఒక ఊరి దూరం సవరించాను. పరీక్షల భాగంలో కొత్త అంకె కనిపించింది. ప్రవేశాల్లో కనిపించింది. వసతిగృహం భాగంలో పాత అంకే ఉంది. ఫోల్డర్ తెరిచి చూస్తే, నా జాబితాకు ఇంకో ప్రతి ఆమె దగ్గర విడిగా ఉంది.

లోపల ఏముందో పూర్తిగా చదవలేదు. చదివి ఉంటే చివర్న గూడేల పేర్లు కనిపించేవి. ఒక్కోదానికి ఆమె సొంతంగా నెంబరు వేసి, దూరం రాసి, బస్సు దిగాక ఎంత నడవాలో కూడా రాసుకుందని తర్వాత చూశాను. ఆ రోజు నాకు కనిపించింది ఒక్కటే, నేను వద్దన్నది నా కళ్ళుగప్పి చేసింది. ఆ ప్రతిని తీసేశాను. ఆమె భాగం కూడా కామన్ నుంచే తెచ్చుకునేటట్టు ఒక్క లైను మార్చాను. పేజీ చక్కగా తెరుచుకుంది. ఒక్క ఎర్రక్షరం రాలేదు.

"చూసినవా," అన్నాను అతనితో, "ఎంత సాఫ్ అయిందో."

అతను ఈసారి నవ్వలేదు. "ఆమె అచ్చేదాక ఆగితే మంచిగుంటుండె సార్. ఆమె ఫైల్ల ఆమె ఏం వెట్టుకున్నదో మనకేమెర్క?"

"ఏం పెట్టుకుంటే ఏంది? ఉండకూడనిది ఉన్నది. తీసేసిన."

శనివారం వసతిగృహం జాబితా తీశారు. నలభై సీట్లు. ముందు దూరం, తర్వాత మార్కులు. నేనే ప్రింటు తీసి ఇచ్చాను. ప్రిన్సిపాల్ సంతకం చేశారు. సోమవారం పొద్దున నోటీసు బోర్డుకు అంటించారు.

పదకొండు గంటలప్పుడు మా గది కిటికీ దగ్గరికి ఒక తండ్రి, కూతురు వచ్చారు. సర్ఖని అవతల నుంచి వచ్చారట. అతని ధోవతి మోకాళ్ళ దాకా బురద. పిల్ల పదో తరగతి ఆశ్రమశాలలో పాసయింది, చేతిలో మార్కుల కాగితం ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది.

"సాబ్, మా పోరి పేరు కిందికున్నది. సీటు రాలేదంటున్నరు. మంచి నంబర్లు అచ్చినయి మా పోరికి, చూడుండ్రి."

"నంబర్లు కాదయ్యా, ముందు దూరం చూస్తరు."

"దూరమే గద! మాకంటే దూరమెవ్వలున్నరు?"

పిల్ల నా వైపు చూడకుండా, "అండ్ల దూరం సున్నా ఉన్నది," అంది.

తండ్రి కిటికీ ఊచ పట్టుకున్నాడు. "సున్నానా? మేం యాడికెల్లి అచ్చినమో బస్సునడుగుండ్రి సాబ్. నిన్న మాపటికి వాగు దాటినం."

నేను తెర మీద పిల్ల పేరు తీశాను. దూరం సున్నా. ఊరి పేరు ఉండాల్సినచోట ఖాళీ. అప్పుడే నాకు ఏదో తట్టింది. తట్టింది కనుకనే అంత గట్టిగా అన్నాను, "ఫారంల ఊరి పేరు సక్కగ రాయకపోతే గంతే వస్తది. కంప్యూటర్ తనంత తాను రాయదు."

పిల్ల తల ఇంకా కిందికి వంచింది. మార్కుల కాగితాన్ని మళ్ళీ సంచిలో చుట్టింది.

అదే సమయానికి వసతిగృహం అమ్మాయి సెలవు నుంచి వచ్చింది. నోటీసు బోర్డు చూసే వచ్చినట్టుంది. చెప్పులు విప్పకుండానే వచ్చి కుర్చీలో కూర్చుని తన ఫోల్డర్ తెరిచింది.

"సార్, నా ఫైలు ఏమాయె?"

"తీసేసిన. నీకెన్నిసార్లు చెప్పిన, కామన్‌ల ఉన్నది రెండోచోట పెట్టొద్దని."

"గూడేలన్ని అండ్లనే ఉన్నయి సార్. తొమ్మిది మంది పోరీలు. ఆ నంబర్లు మీ జాబితల లేకపాయె, సున్నాలొచ్చినయి." ఆమె గొంతు పెంచలేదు. "నాకొక ఫోన్ చేస్తే అయిపోతుండె."

"ముందుగాల నువ్వు నాకు చెప్పి ఉంటే అయిపోతుండె."

"చెప్పిన గద సార్. మీరు నవ్విండ్రు."

ప్రవేశాల అతను తన తెర వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె నాతో వాదించలేదు. తను సెలవుకు వెళ్ళేముందు తీసిన బ్యాకప్ సీడీలో ఫైలు ఉంటుందనీ, పెట్టి మళ్ళీ జాబితా తీయడం పది నిమిషాల పనేననీ చెప్పింది. కానీ బోర్డుకెక్కిన జాబితా మార్చాలంటే కార్యదర్శి అనుమతి కావాలి. ఇద్దరం వెళ్ళాం.

కార్యదర్శి మరాఠీలో మాట్లాడేవారు, నిదానంగా, ప్రతి మాటా తూచినట్టు. జాబితాను యాదీ అనేవారు. "రావుసాహెబ్, యాదీ బోర్డుకెక్కింది. నలభై మంది తల్లిదండ్రులు చూసుకున్నారు. ఇప్పుడు పైనుంచి తొమ్మిది పేర్లు దూరిస్తే, కిందినుంచి తొమ్మిది పేర్లు పోతాయి. వాళ్ళు నా గుమ్మం మీదికొస్తారు. అయినా చేస్తాను. నాకు ఒక్క కాగితం రాసివ్వండి. తప్పు మీ విభాగానిదా, ఫారాలదా? మీ విభాగానిదని రాస్తే ఇప్పుడే కమిటీని పిలిచి కొత్త యాదీ పెట్టిస్తాను. ఫారాలదైతే చేసేదేమీ లేదు."

ఆయన మంచివారే. దారి చూపించారు. ఆ దారిలో నేను ఒక్క వాక్యం రాస్తే చాలు.

పక్క గదిలో కూర్చుని కాగితం తీసుకున్నాను. పాత పేరుతో అచ్చయిన మార్కుల పత్రాలు గుర్తొచ్చాయి. మీ ఇంట్లో ఇట్లాగే రాసేవారా అన్న మాట గుర్తొచ్చింది. చాలాసేపు పట్టింది. చివరికి ఇట్లా రాశాను: తొమ్మిది దరఖాస్తులలో పేర్కొన్న నివాసస్థలాలు అధికారిక గ్రామాల జాబితాలో లేనివి అయినందున వాటి దూరం నమోదు కాలేదు. కింద సంతకం పెట్టాను. చేతిరాత బాగుంది.

ఆమె తీసుకుని చదివింది. తిరిగి నా చేతికే ఇచ్చింది.

"ఒక్క మాట అబద్ధం లేదు సార్," అంది. "పెద్దలు గిట్లనే రాస్తరు."

ఆ తర్వాత ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళి జరిగింది చెప్పిందట. కార్యదర్శి ఒక్కటే అడిగారట, ఆ విడి ఫైలు పెట్టుకోవడానికి నీకు అనుమతి ఉందా అని. లేదని చెప్పింది. అబద్ధం ఆమెకు చేతకాదు. దాంతో తప్పు ఫారాలది కాదు, నాది కాదు, అనుమతి లేని ఫైలుది అయింది. జాబితా మారలేదు. నెలాఖరుకు ఆమె ఉద్యోగం మానేసి నిజామాబాద్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరింది. వెళ్ళేరోజు తన భాగంలో ఏది ఎక్కడుందో ఆరు పేజీలు రాసి నా బల్ల మీద పెట్టింది. చివర నమస్కారం కూడా రాసింది. ఆమె స్థానంలో వచ్చినవాళ్ళెవరూ నాతో నవ్వుతూ మాట్లాడలేదు. ప్రవేశాల అతను కూడా నాతో పరాచికాలాడటం మానేశాడు. దేవుడర్ర మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

గూడేలను కామన్ జాబితాలో నేనే చేర్చాను. సీడీ నుంచి ఆమె ప్రతి తీసి, ఆమె వేసిన నెంబర్లే ఉంచాను. ఫంక్షన్‌లో సున్నా తీసేసి, ఊరు దొరక్కపోతే ఆగిపోయేటట్టు రాశాను. మొత్తం ఒక పూట పట్టింది. అంత చిన్న పని అది.

దసరా వెళ్ళాక వసతిగృహంలో ఒక సీటు ఖాళీ అయింది. తొమ్మిది మందిలో మార్కులు ఎక్కువున్నది ఆ కిటికీ దగ్గరికొచ్చిన పిల్లకే. ఉత్తరం రాయవచ్చు. గూడేనికి ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు కనుక నేనే బయలుదేరాను. సర్ఖని దాకా బస్సు, అక్కడి నుంచి జీపు, తర్వాత నడక. వాగులో నీళ్ళు మోకాటి కిందికి తగ్గాయి. చెప్పులు చేతిలో పట్టుకుని దాటాను. అంత దూరం నేను జీవితంలో కాలినడకన వెళ్ళింది లేదు.

ఆ తండ్రి నన్ను దూరం నుంచే గుర్తుపట్టాడు. లోపలినుంచి మంచం తెచ్చి వాల్చాడు. "అరె, కాలేజి దొర అచ్చిండు! కూసోండ్రి దొరా, మీరు రావుడేంది గింత దూరం!"

వాళ్ళ గూడెం దూరమని నేను ఒప్పుకోవడానికి వచ్చానని అతనికి తెలియదు.

"సీటున్నదయ్యా. మీ బిడ్డను తీస్కరా. రేపే చేర్పిద్దాం."

"పోరి లేదు దొరా. దసరా అయినంక ముఠాతోని చెరుకు కొట్ట పోయింది. మేనమామోల్లు, అందరు వోయిండ్రు."

"ఏ ఊరు?"

"ఎర్కలేదు. కొల్లాపూర్ దిక్కంటరు. ఫ్యాక్టరీ లారీ అచ్చి ఎక్కిచ్చుకపోయింది. ఎండకాలం మర్లస్తరు." మళ్ళీ తనే అడిగాడు, "అప్పటిదాక ఉంటదా సీటు?"

ఉండదని చెప్పాను.

అతను బాధపడినట్టు కనిపించలేదు. అట్లాంటివి చాలా విన్నవాడి మొహం. నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నేను లేవబోతుంటే అన్నాడు, "దొరా, ఒక్క కాగితం రాసిస్తరా?"

"ఏం కాగితం?"

"పోరి తప్పు లేదని. తనే ఊరి పేరు సక్కగ రాయలేదని మనసుల వెట్టుకున్నది. కాదే బిడ్డా అంటె ఇనది. 'కంపూటర్ తనంత తాను రాయది గద బాపూ, గా సాబే అన్నడు' అంటది. చెరుకుకు పోతదని మేమనలే. సదువు నాకు రాదు, నేను పోత అని తనే పోయింది."

నా జేబులో పెన్ను ఉంది, కాగితం లేదు. పక్క గుడిసె నుంచి ఎవరో బడిపిల్ల నోటుపుస్తకం తెచ్చి ఒక పేజీ చింపారు. ఆ పిల్ల చదివింది మరాఠీలో కనుక మరాఠీలోనే రాశాను. నీ ఫారం సరిగ్గా ఉంది. నీ గూడెం పేరు నా జాబితాలో లేదు. తప్పు నాది. కింద నా పూర్తి పేరు రాశాను, ఇంటి పేరుతో సహా.

"సదువుండ్రి దొరా," అన్నాడతను. చదివి తెలుగులో చెప్పాను.

"ఇంకొకసారి."

మళ్ళీ చెప్పాను. అప్పటికి చుట్టుపక్కల గుడిసెల్లో నుంచి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఒకామె, "మర్ల కాలేజికి వోతదా అయితే?" అని పక్కామెను అడిగింది. తండ్రి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రుమాలు కొంగులో ముడివేసుకున్నాడు.

ఎండాకాలం వచ్చింది, వెళ్ళింది. మరుసటి ఏడు దరఖాస్తుల్లో ఆ పిల్ల పేరు ఉందేమోనని ఒక్కొక్కటీ నేనే చూశాను. ఆ పై ఏడు కూడా చూశాను. లేదు. ఆ కాగితం ఆమె చేతికి చేరిందో లేదో అడగడానికి నేను మళ్ళీ ఆ వాగు దాటలేదు.